ఒకే బల్ల, ఒకే పద్దు

1950 వేసవిలో ఒక ఆదివారం. అమెరికా దక్షిణాదిన, జార్జియా రాష్ట్రంలోని సమ్టర్ కౌంటీ. అక్కడి రెహోబోత్ బాప్టిస్టు చర్చికి కొయినోనియా అనే ఉమ్మడి పొలం వాళ్లు ఎప్పటిలాగే ఆరాధనకు వచ్చారు. ఆ రోజు వాళ్ల వెంట ఒక కొత్త మనిషి ఉన్నాడు. ఇండియా నుంచి వచ్చి ఫ్లోరిడాలో చదువుకుంటున్న విద్యార్థి, హిందువు. క్రైస్తవుల ఆరాధన ఎలా ఉంటుందో చూడాలని ఉందంటే తీసుకొచ్చారు. అతను చామనఛాయ మనిషి. తెల్లవాళ్లు మాత్రమే కూర్చునే ఆ చర్చిలో ఆ రంగే పెద్ద నేరమైంది. ఇండియావాడని వేషం వేయించి ఒక నల్లవాణ్ణి లోపలికి తెచ్చారని చాలామంది అనుమానపడ్డారు.

కొన్నాళ్లకు చర్చి డీకన్లు పొలానికి వచ్చారు. పొలం పెద్ద క్లారెన్స్ జోర్డాన్ వాళ్ల చేతికి బైబిలు ఇచ్చి, తాను చేసిన తప్పేమిటో ఇందులో చూపించమన్నాడు. పుస్తకం ఆ చేతి నుంచి ఈ చేతికి మారింది గానీ ఎవరూ తెరవలేదు. ఆగస్టులో సంఘం సమావేశమై కొయినోనియా వాళ్లను సభ్యత్వం నుంచి తొలగించే తీర్మానాన్ని చదివింది. ఆ సమయానికి క్లారెన్స్ ఊళ్లో లేడు. ఆయన భార్య ఫ్లోరెన్స్ లేచి, ఈ తీర్మానాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఆమోదించాలని తానే ప్రతిపాదించింది. ఆ మాటతో సభ తికమకపడిపోయింది. వెలి వేయించుకునేవాళ్లే వెలికి సరేనంటే దానికి వ్యతిరేకంగా ఓటు వెయ్యాలా, అనుకూలంగా వెయ్యాలా అని కొందరికి పాలుపోలేదు. చివరికి వెలి ఖాయమైంది.

ఇండియా విద్యార్థి కేవలం సాకు. ఊళ్లో అసలు కోపం అంతకు ఎనిమిదేళ్ల ముందు నుంచే రాజుకుంటోంది. ఆ పొలంలో మధ్యాహ్నం భోజనాల వేళ తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటున్నారు. ఒకే పనికి ఒకే కూలి అందుకుంటున్నారు. పండిన పంట, వచ్చిన డబ్బు ఎవరి సొంతమూ కాకుండా ఉమ్మడి పద్దులోకి పోతోంది. దక్షిణాది చర్చిల్లో ప్రేమ గురించి ప్రసంగాలు ఎన్నో జరిగాయి, వాటికి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఒక ఇంట్లో ఆ ప్రేమ వంటగదిలోకీ జీతాల చిట్టాలోకీ దిగేసరికి మాత్రం జిల్లా జిల్లాయే లేచింది. సహపంక్తి భోజనం కోసం మన ఊళ్లలో ఎన్ని గొడవలు జరిగాయో తెలిసిన తెలుగు పాఠకులకు ఈ కోపాన్ని ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు.

ఈ పొలాన్ని మొదలుపెట్టిన క్లారెన్స్ జోర్డాన్ ఎక్కడి నుంచో వచ్చిన సంస్కర్త కాదు, అదే మట్టిలో పుట్టినవాడు. 1912లో జార్జియాలోనే టాల్బటన్ అనే చిన్న ఊళ్లో, కలిగిన కుటుంబంలో పుట్టాడు. ఇంటి వెనకే కౌంటీ జైలు. అందులో ఉండే ఖైదీల్లో ఎక్కువమంది నల్లవాళ్లు. కాళ్లకు సంకెళ్లతో రోడ్లు వేసేవాళ్లు. ఒకసారి ఊళ్లో ఉజ్జీవ కూటాలు జరుగుతున్నప్పుడు జైలు వార్డెన్ కూడా వచ్చి ప్రేమ గురించిన భక్తి పాటను గొంతెత్తి పాడటం చూశాడు ఆ పిల్లవాడు. అదే రాత్రి జైలు వైపు నుంచి అరుపులు వినిపించాయి. ఒక ఖైదీని కాళ్లూ చేతులూ సాగలాగే యంత్రానికి కట్టి హింసిస్తున్నారు. హింసిస్తున్నది ఎవరో అతనికి తెలుసు. జోర్డాన్ జీవితాంతం చెప్పుకున్న సంఘటన ఇది. సంఘంలో పాడే పాటకూ జైల్లో చేసే పనికీ మధ్య ఉన్న ఆ దూరాన్ని అతను ఎన్నడూ మామూలు విషయంగా తీసుకోలేకపోయాడు.

పేద రైతులకు మంచి సేద్యం నేర్పితే చాలా కష్టాలు తీరతాయనుకుని జార్జియా విశ్వవిద్యాలయంలో వ్యవసాయం చదివాడు. 1933లో పట్టా వచ్చింది. అదే కాలంలో సైనిక శిక్షణ కూడా పొందుతూ అధికారి కావలసినవాడు. గుర్రం మీద కత్తి దూసి, పిస్తోలు పేల్చి, బొమ్మ శత్రువులను కూల్చే కసరత్తు చేస్తుండగా అప్పటికే కంఠస్థం చేసిన కొండమీది ప్రసంగంలోని శత్రు ప్రేమ మాటలు మనసులో మెదిలాయి. గుర్రం దిగి ఆ కొలువు వద్దనుకున్నాడు. తర్వాత కెంటకీ రాష్ట్రం లూయిస్‌విల్‌లోని బాప్టిస్టు సెమినరీలో చేరి, కొత్త నిబంధన గ్రీకులో డాక్టరేటు చేశాడు. ఫ్లోరెన్స్ ఆ సెమినరీ గ్రంథాలయంలో పనిచేసేది. 1936లో పెళ్లి చేసుకున్నారు. నేల గురించి, గ్రీకు గురించి అంతగా చదువుకున్న పాస్టర్లు ఆ ప్రాంతంలో అరుదు. ఈ రెండు చదువులూ తర్వాతి కాలంలో ఒకదానికొకటి అవసరమయ్యాయి.

లూయిస్‌విల్‌లో పేద నల్లజాతి వాడల్లో పనిచేస్తూ, తోటి విద్యార్థులతో కలిసి అపొస్తలుల కార్యములు చదివేవాడు. ఆ పుస్తకంలో యెరూషలేము విశ్వాసులు ఆస్తులు అమ్మి, వచ్చింది ఉమ్మడిగా పెట్టుకుని, ఎవరి అవసరానికి తగినట్టు వాళ్లకు పంచుకున్నారని ఉంది. ఆదివారం బడి పిల్లలకు సైతం తెలిసిన కథ. దాన్ని గడిచిపోయిన కాలపు విశేషంగా కాక, నేడు చేయదగిన పనిగా చదవడమే జోర్డాన్ ప్రత్యేకత. బర్మాలో మిషనరీగా పనిచేసి తిరిగొచ్చిన మార్టిన్ ఇంగ్లండ్ కూడా అదే ఆలోచనలో ఉన్నాడు. 1942లో ఈ రెండు కుటుంబాలూ అమెరికస్ పట్టణానికి కొద్ది మైళ్ల దూరంలో 440 ఎకరాల బీడుపడ్డ నేల కొన్నాయి. సొంత డబ్బు కలిపి లెక్కపెడితే 60 డాలర్లు కూడా లేవు, ఒక దాత ఇచ్చిన సాయంతో బయానా కట్టారు. సహవాసం అనే అర్థంలో కొత్త నిబంధనలో కనిపించే గ్రీకు మాటనే పొలానికి పేరుగా పెట్టారు. ఇంగ్లండ్ దంపతులు 1944లో తిరిగి బర్మా వెళ్లిపోయారు. జోర్డాన్‌లు ఉండిపోయారు.

మొదటి కొన్నేళ్లు ఎక్కువగా సేద్యం కథే. ఏళ్ల తరబడి పత్తి ఒక్కటే వేసి సారం పోగొట్టుకున్న నేల అది. కోళ్లు పెంచి గుడ్లు అమ్మే వ్యాపారాన్ని ఆ కౌంటీ రైతులకు పరిచయం చేసినవాళ్లలో కొయినోనియా ముందుంది. వేరుశనగ పీకే యంత్రాలతో జోర్డాన్ ప్రయోగాలు చేశాడు. చుట్టుపక్కల పేద కుటుంబాల పిల్లలకు పాలు లేకపోవడం చూసి ‘ఆవుల లైబ్రరీ’ పెట్టారు. కావలసినవాళ్లు పాడి ఆవును ఉచితంగా తీసుకెళ్లి పాలు పిండుకోవచ్చు. ఒట్టిపోయాక తిరిగి అప్పజెప్పి మరో ఆవును తీసుకెళ్లవచ్చు. ఇందులో ఎవరికీ దానం చేస్తున్నామన్న బడాయి లేదు, పుచ్చుకుంటున్నామన్న చిన్నతనమూ లేదు. ఇరుగు పొరుగు తెల్ల రైతులు కూడా సేద్యం సలహాలకు జోర్డాన్ దగ్గరికి వచ్చేవాళ్లు.

గొడవ బల్ల దగ్గర మొదలైంది. పొలంలో కూలికి వచ్చే నల్లవాళ్లు మధ్యాహ్నం అందరితో కలిసి భోజనానికి కూర్చుంటున్నారన్న వార్త త్వరలోనే ఊరంతా పాకింది. తెల్లజాతి ఆధిపత్యం కోసం దాడులు చేసే కు క్లక్స్ క్లాన్ ముఠా మనుషులు వచ్చి, నల్లవాళ్లతో కలిసి తినేవాళ్ల మీద ఈ గడ్డన పొద్దు గుంకనివ్వమని హెచ్చరించారు. అప్పటికి పొద్దు వాలుతోంది. జోర్డాన్ నవ్వుతూ చెయ్యి చాచి, తాను ఇప్పుడే సెమినరీ నుంచి వచ్చాననీ, సూర్యుణ్ణి ఆపగలిగే మనిషిని కలిసే భాగ్యం ఇన్నాళ్లకు దక్కిందనీ అన్నాడట. యెహోషువ సూర్యుణ్ణి నిలిపిన కథ ఆ వచ్చినవాళ్లకూ కంఠతా వచ్చు. వాళ్లకూ నవ్వొచ్చింది. ఆ రోజుకు పొద్దు మామూలుగానే గుంకింది.

ఉమ్మడి పద్దు విషయం చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే. కొయినోనియాలో పూర్తి సభ్యత్వం ఒక్కసారిగా ఇచ్చేవాళ్లు కాదు. ముందు కొత్తవాళ్లుగా కొన్నాళ్లు ఉండాలి, తర్వాత తాత్కాలిక సభ్యులుగా మరికొంత కాలం, ఆపైన పూర్తి సభ్యత్వం. చివరి మెట్టు ఎక్కాలంటే సొంత ఆస్తిని వదులుకోవాలి. ఇల్లు, తిండి, బట్ట, మందులు ఉమ్మడి డబ్బు నుంచే. మన ఉమ్మడి కుటుంబాలకు అలవాటైన ఏర్పాటే కదా అనిపించవచ్చు. కానీ ఇక్కడ రక్త సంబంధం లేదు, పెద్దకొడుకు పెత్తనం లేదు, వారసత్వమూ లేదు. ఏం కొనాలి, ఏం వద్దు, ఎవరు ఏ పని చెయ్యాలి అన్నవన్నీ అందరూ కూర్చుని తేల్చుకోవలసిన విషయాలే. ఆ చర్చలు ఎప్పుడూ ప్రశాంతంగా సాగలేదు. వచ్చినవాళ్లు చాలామంది వెళ్లిపోయారు కూడా.

క్రైస్తవ చరిత్రలో ఇలాంటి ప్రయత్నం ఇదే మొదటిది కాదు. 1528లో మొరావియా ప్రాంతంలో ఒక చోట పరచిన బట్టలో తమ దగ్గరున్నదంతా వేసి ఉమ్మడి బతుకు మొదలుపెట్టిన వాళ్ల వారసులే హటరైట్లు. నేటికీ కెనడాలో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో వేల సంఖ్యలో ఉమ్మడి పొలాల మీద బతుకుతున్నారు. 1920లో జర్మనీలో ఎబర్‌హార్డ్ ఆర్నాల్డ్, ఎమ్మీ ఆర్నాల్డ్ మొదలుపెట్టిన బ్రూడర్‌హోఫ్‌ను 1937లో నాజీలు మూయించారు. ఆ సమూహం ఇంగ్లండుకు, అక్కడి నుంచి పరాగ్వేకు, ఆ తర్వాత అమెరికాకు చేరింది. కొయినోనియాకు వీళ్లతో పరిచయం ఉండేది. కొన్ని కుటుంబాలు ఇక్కడి నుంచి అక్కడికి మారాయి కూడా. తేడా ఒకటుంది. హటరైట్లు లోకానికి దూరంగా తమ ఊళ్లు కట్టుకున్నారు. కొయినోనియా మాత్రం జాతి విద్వేషం నడిబొడ్డున, రోడ్డు పక్కన దుకాణం పెట్టుకుని కూర్చుంది.

1954లో బడుల్లో జాతి విభజన చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక దక్షిణాది మొత్తం భయంతో, పంతంతో రగులుతోంది. 1956 మార్చిలో ఇద్దరు నల్లజాతి విద్యార్థులు అట్లాంటాలోని ప్రభుత్వ వ్యాపార కళాశాలకు దరఖాస్తు పెట్టుకోవడానికి జోర్డాన్ తోడు వెళ్లాడు. ఆ సాయంత్రం నుంచే పొలానికి బెదిరింపు ఫోన్లు మొదలయ్యాయి. ఆ వేసవిలో తెల్ల పిల్లలకూ నల్ల పిల్లలకూ కలిపి పెట్టదలచిన శిబిరాన్ని కౌంటీ కోర్టు ఉత్తర్వుతో ఆపించింది. దాన్ని టెనెసీ రాష్ట్రానికి మార్చుకున్నారు. జూలైలో రోడ్డు పక్కన ఉన్న దుకాణంలో డైనమైట్ పేలింది. బాగు చేసుకుని మళ్లీ తెరిచారు. 1957 జనవరిలో మరో పేలుడు దాన్ని పూర్తిగా నేలమట్టం చేసింది. రాత్రిళ్లు కార్లలో వచ్చి ఇళ్ల మీద తుపాకులు పేల్చేవాళ్లు. పిల్లలు ఆడుకుంటున్న చోటికీ తూటాలు వచ్చాయి. పండ్ల చెట్లు నరికేశారు, కంచెలు తెంచేశారు. ఎవరి ప్రాణమూ పోకపోవడం అదృష్టమనే చెప్పాలి.

తూటాల కంటే ఊరు వేసిన వెలి ఎక్కువ దెబ్బ తీసింది. పొలం చేసుకునేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఊళ్లో ఎవరూ విత్తనాలు అమ్మరు. ఎరువు అమ్మరు. ట్రాక్టరుకు డీజిలు పొయ్యరు, వంటకు గ్యాసు ఇవ్వరు. గుడ్లు కొనే దుకాణాలు ఒక్కొక్కటే మానేశాయి. వేల కోళ్లున్న ఫారంలో మేత తెచ్చుకోలేక, గుడ్లు అమ్ముకోలేక కోళ్లను వదిలించుకోవలసి వచ్చింది. బ్యాంకు అప్పు ఆపేసింది. బీమా కంపెనీలు పాలసీలు రద్దు చేశాయి. ఒక దుకాణం ధైర్యం చేసి కొయినోనియాకు మేత అమ్మితే, 1957 మేలో దాని ముందూ బాంబు పేలింది. పేలుడు ధాటికి పక్క భవనాల అద్దాలు కూడా పగిలాయి. బాంబు నడి ఊళ్లోకి వచ్చాక వ్యాపారుల సంఘం పెద్దలు పొలానికి వచ్చారు, దోషులను పట్టుకుంటామని చెప్పడానికి కాదు, మీరు ఊరు విడిచి వెళ్లిపోతే అందరికీ మంచిదని నచ్చజెప్పడానికి.

వాళ్లు వెళ్లలేదు. చుట్టుపక్కల అమ్ముకోవడం కుదరకపోతే దేశమంతా అమ్ముకుందామని పోస్టు ద్వారా వ్యాపారం మొదలుపెట్టారు. జార్జియాలో పీకాన్ అనే గింజలు బాగా పండుతాయి. చూడటానికి, రుచికి మన అక్రోటుకు దగ్గరగా ఉంటాయి. వాటిని ఒలిచి, పొట్లాలు కట్టి, ఉత్తరాది రాష్ట్రాల్లోని స్నేహితులకూ చర్చిలకూ పంపారు. ఉత్తరం ముక్క రాస్తే చాలు, సరుకు ఇంటికి చేరుతుంది. వెలి వేసినవాళ్ల చేతికి అందని దారి అది, ఎందుకంటే పోస్టాఫీసు కేంద్ర ప్రభుత్వానిది. బీమా పోయినందుకు మరో ఉపాయం ఆలోచించారు. పొలానికి నష్టం జరిగితే తలా 50 డాలర్లు ఇస్తామని దేశం నలుమూలల నుంచి వందలాది మంది మాట ఇచ్చారు. తక్కువ మందితో మొదలైన ఉమ్మడి పద్దు ఇలా కంచె దాటి చాలా దూరం విస్తరించింది. కొయినోనియా బతికి బట్టకట్టింది ఈ పీకాన్ గింజల పుణ్యమాననే చెప్పవచ్చు. ఆ వ్యాపారం ఇప్పటికీ నడుస్తోంది.

తిరిగి దెబ్బ కొట్టకూడదన్నది అక్కడి నియమం. రాత్రి కాపలా కాసేవాళ్లు తుపాకీ పట్టరు. రోడ్డు పక్క కారులో కూర్చుని చేతి దీపంతో మేలుకొని ఉండటమే కాపలా. 1957 ఈస్టర్ రోజుల్లో న్యూయార్క్ నుంచి డొరొతీ డే వచ్చింది. పేదల మధ్య ఆతిథ్య గృహాలు నడిపే క్యాథలిక్ వర్కర్ ఉద్యమాన్ని 1933లో ప్రారంభించిన మహిళ. తానూ ఒక రాత్రి కాపలాకు కూర్చుంటే, దారిన పోయే కారు నుంచి ఎవరో ఆమె కూర్చున్న బండి మీద తుపాకీ పేల్చారు. ఆమె గాయపడలేదు. అంతకు ముందు ఫిబ్రవరిలో క్లాన్ సభ ముగించుకుని దాదాపు 70 కార్ల బారు పొలానికి వచ్చి, అమ్మేసి పొమ్మని బేరం పెట్టింది. జోర్డాన్ అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు ఉత్తరం రాశాడు. శాంతిభద్రతలు రాష్ట్రం చూసుకోవలసిన సంగతని జవాబొచ్చింది. ఇక స్థానిక గ్రాండ్ జ్యూరీ విచారణ జరిపి, ప్రచారం కోసం, సానుభూతి కోసం కొయినోనియా వాళ్లే తమ ఆస్తులను పేల్చుకుని ఉంటారన్నట్టు నివేదిక ఇచ్చింది. కమ్యూనిస్టులన్న ముద్ర సరేసరి.

పెద్దలు తాము ఎంచుకున్న బతుకు కాబట్టి భరించారు. పిల్లలు ఎంచుకోలేదు. కొయినోనియా గురించి రాసేటప్పుడు ఈ సంగతి దాటేయకూడదు. 1960లో అమెరికస్ హైస్కూలు కొయినోనియా పిల్లలను చేర్చుకోలేదు. కోర్టుకు వెళ్తే ఫెడరల్ న్యాయమూర్తి చేర్చుకోవాలని ఆదేశించాడు. చేరాక నాలుగేళ్లూ ఉమ్ములు, తిట్లు, తోపులాటలు. పక్కన కూర్చునేవాళ్లు ఉండరు. అలా చదివి 1965లో బయటపడ్డ ఒక విద్యార్థికి, 40 ఏళ్లు దాటాక, 2006లో, అప్పటి తోటి విద్యార్థులు కొందరు క్షమాపణ చెబుతూ ఉత్తరాలు రాశారు. పూర్వ విద్యార్థుల సమావేశానికి పిలిచారు. అతను వెళ్లాడు. ఆ వయసు పిల్లలు అంతటి ఒంటరితనాన్ని మొయ్యవలసి రావడం న్యాయమా అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. అది పెద్దలను నిద్రపోనివ్వలేదని వాళ్ల ఉత్తరాలూ జ్ఞాపకాలూ చెబుతాయి.

సొంత ఇంట్లోనూ దూరాలు పెరిగాయి. క్లారెన్స్ తమ్ముడు రాబర్ట్ లాయరు, రాజకీయాల్లో పైకి రావాలన్న ఆశ ఉన్నవాడు. కొయినోనియా కేసులు చూడమని అన్న అడిగితే, అందుకు ఒప్పుకుంటే తన భవిష్యత్తు ఏమవుతుందోనని వెనకాడాడు. తానూ యేసును అనుసరిస్తున్నానే గానీ, అది ఒక హద్దు వరకేనని, సిలువ దాకా వస్తానుగానీ సిలువ ఎక్కలేనని తమ్ముడు చెప్పుకున్నాడు. అయితే నువ్వు అభిమానివే తప్ప శిష్యుడివి కావని అన్న బదులిచ్చాడు. రాబర్ట్ తర్వాత జార్జియా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. ఆ జవాబు కటువైనదే, కానీ అన్న ఎవరినీ తక్కువ చేసి మాట్లాడటం లేదు. ఆస్తి, పరువు, పిల్లల చదువు అన్నీ పణంగా పెట్టినవాడు మాట్లాడుతున్నాడు.

కొయినోనియాకు లోపాలు లేవా అంటే ఉన్నాయి, వాటిలో పెద్దది దాని ఆశయానికే సంబంధించినది. పక్కపక్కన కూర్చుని తిన్న నల్లవాళ్లలో పూర్తి సభ్యులైనవాళ్లు చాలా తక్కువ. అందుకు కారణాలున్నాయి. తెల్ల భూస్వామి నేలను పాలికి చేసుకుంటూ, అతని దుకాణంలో అప్పు తెచ్చుకుని బతికే మనిషి కొయినోనియాతో చెయ్యి కలిపితే రేపటికి నేలా ఉండదు, గూడూ ఉండదు. తరతరాలుగా సొంత ఆస్తి లేనివాడిని ఆస్తి వదులుకోమనడం కూడా వినడానికి వింతగానే ఉంటుంది. ఆస్తి ఉన్న కుటుంబంలో పుట్టినవాడికి త్యాగం అనిపించేది, ఎన్నడూ లేనివాడికి పాత పేదరికంలాగే కనిపించవచ్చు. పౌరహక్కుల ఉద్యమకారులు పొలానికి వచ్చి తలదాచుకునేవాళ్లు. అయినా వాళ్ల ఊరేగింపులూ బహిష్కార ఉద్యమాలూ జోర్డాన్‌కు పూర్తిగా నచ్చేవి కావు. తనను ఆకలితో మాడ్చిన ఆయుధాన్ని ఇంకొకరి మీద వాడటం అతనికి మింగుడు పడలేదు. ఈ విషయంలో అతని కంటే ఉద్యమకారులే సరైన దారిలో ఉన్నారని చెప్పేవాళ్లున్నారు, వాళ్ల మాటలోనూ బలముంది.

1956లో పిల్లలతో కలిపి దాదాపు 60 మంది ఉన్న పొలం 1960ల నడుమకు వచ్చేసరికి దాదాపు ఖాళీ అయింది. ఏళ్ల తరబడి సాగిన వెలి, భయం, అలసట అన్నీ కలిసి ఒక్కో కుటుంబాన్నీ పంపించేశాయి. జోర్డాన్ పీకాన్ చెట్ల మధ్య ఉన్న చిన్న పాకలో కూర్చుని కొత్త నిబంధనను గ్రీకు నుంచి దక్షిణాది పల్లె మాటలోకి తిరగరాస్తున్నాడు. అందులో యేసు పుట్టేది జార్జియాలోని గెయిన్స్‌విల్‌లో. యెరూషలేము స్థానంలో అట్లాంటా, రోము స్థానంలో వాషింగ్టన్. యూదులూ అన్యజనులూ తెల్లవాళ్లుగా, నల్లవాళ్లుగా మారారు. సిలువ వేయడం, గుంపు కలిసి మనిషిని ఉరేసి చంపే దక్షిణాది ఘోరంగా మారింది. ‘కాటన్ ప్యాచ్’ పేరుతో 1968 నుంచి వచ్చిన ఈ పుస్తకాలు చదివితే ఈ సంగతి మన ఊరిదే అని జార్జియా పాఠకుడు ఉలిక్కిపడేలా ఉంటాయి. పరిశుద్ధ గ్రంథంతో ఆటలాడుతున్నాడని కోప్పడ్డవాళ్లున్నారు. కథను రెండు వేల ఏళ్ల వెనక్కి నెట్టేసి హాయిగా కూర్చోవడం కుదరనివ్వకూడదన్నదే అతని పట్టుదల.

పొలం ఇలా ఖాళీ అయిన సమయంలోనే మిల్లర్డ్ ఫుల్లర్ వచ్చాడు. అలబామాలో లాయరుగా, వ్యాపారిగా 30 ఏళ్లు నిండకుండానే కోటీశ్వరుడైనవాడు. పనిలో మునిగిపోయి సంసారం విరిగిపోయే దశకు వచ్చాక, భార్య లిండాతో కలిసి ఆస్తి మొత్తం దానం చేయాలని నిశ్చయించుకున్నాడు. 1965 డిసెంబరులో ఒక స్నేహితుణ్ణి చూడటానికి కొద్ది గంటల కోసం కొయినోనియాకు వచ్చి నెల రోజులు ఉండిపోయాడు. 1968లో మళ్లీ వచ్చాక అతనూ జోర్డానూ కలిసి కొత్త పథకం వేశారు. పొలంలో కొంత భాగాన్ని అరెకరం చొప్పున 42 స్థలాలుగా విడగొట్టి, చుట్టుపక్కల పూరి గుడిసెల్లో ఉంటున్న కుటుంబాలకు పక్కా ఇళ్లు కట్టించాలని నిర్ణయించారు.

డబ్బు ఏర్పాటు గమనించదగ్గది. దాతల డబ్బు, వడ్డీ లేకుండా అప్పిచ్చేవాళ్ల డబ్బు, పొలం లాభం అన్నీ ఒక నిధిలోకి వస్తాయి. దాంతో ఇల్లు కడతారు. ఇంటివాళ్లు అసలు ఖర్చును మాత్రమే, లాభం లేకుండా, వడ్డీ లేకుండా 20 ఏళ్లలో వాయిదాలుగా తీరుస్తారు. ఆ వాయిదాల డబ్బు మళ్లీ నిధిలోకే చేరి పక్క ఇంటికి ఇటుకలవుతుంది. పేదవాడికి అప్పిచ్చి వడ్డీ తీసుకోకూడదని నిర్గమకాండంలో ఉన్న నియమాన్ని వాళ్లు అక్షరాలా పాటించారు. బ్యాంకు గుమ్మం ఎక్కనివ్వని మనిషి ఇక్కడ ఇంటి యజమాని అవుతాడు. పైగా తన వాయిదాతో ఇంకొకరి ఇంటికి తోడ్పడతాడు. ఉమ్మడి పద్దులో చేరి ఆస్తి వదులుకోమని అడగడం కంటే ఇది నల్లజాతి ఇరుగుపొరుగుకు దగ్గరైన ఏర్పాటు. ముందు చెప్పుకున్న లోపానికి కొయినోనియా వెతుక్కున్న జవాబుగా దీన్ని చూడవచ్చు.

మొదటి ఇల్లు పూర్తి కావస్తుండగా, 1969 అక్టోబరు 29న, ఆ పాకలోనే జోర్డాన్ గుండె ఆగి చనిపోయాడు. 57 ఏళ్లు. మరణాన్ని ధ్రువీకరించవలసిన అధికారి పొలానికి రావడానికి నిరాకరించడంతో ఫుల్లరే శవాన్ని బండిలో పట్టణానికి తీసుకెళ్లవలసి వచ్చింది. శవపేటికలను రవాణా చేసే మామూలు చెక్క డబ్బాలో పెట్టి పొలంలోనే పాతిపెట్టారు. పేరు చెక్కిన రాయి పెట్టలేదు.

ఫుల్లర్ దంపతులు తర్వాత ఆఫ్రికాలో అప్పటి జైర్ దేశంలో అదే పద్ధతిలో ఇళ్లు కట్టించి తిరిగొచ్చి, 1976లో అమెరికస్ కేంద్రంగా ‘హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ’ స్థాపించారు. ఆ సంస్థకు పేరు రావడంలో పొరుగున ప్లెయిన్స్ ఊరి మనిషైన మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ పాత్ర పెద్దది. 1984 నుంచి భార్య రోజలిన్‌తో కలిసి ఏటా వారం రోజులు సుత్తి పట్టుకుని ఇళ్ల పనికి వచ్చేవాడు. 2006లో మహారాష్ట్రలోని లోనావలా దగ్గరికీ వచ్చాడు. తెలుగు నేలకు ఆ పద్ధతి అంతకంటే చాలా ముందే చేరింది. హ్యాబిటాట్ ఇండియాలో పని మొదలుపెట్టింది 1983లో, ఖమ్మంలో.

కొయినోనియా మాత్రం హ్యాబిటాట్ అంత పెద్దది కాలేదు, కావాలనీ అనుకోలేదు. 1990ల్లో ఉమ్మడి బతుకును పక్కన పెట్టి, మామూలు స్వచ్ఛంద సంస్థలా జీతాలిచ్చి ఉద్యోగులను పెట్టుకుని నడిపి చూసింది. ఖర్చులు పెరిగాయి, అప్పులు చుట్టుకున్నాయి, కొంత నేల అమ్ముకోవలసి వచ్చింది. 2005లో మళ్లీ పాత పద్ధతికి తిరిగి వచ్చింది. ఇప్పుడు అక్కడ ఉంటున్నది కొద్దిమందే. పీకాన్ తోటలు చూసుకుంటారు, మిఠాయిలూ కేకులూ చేసి పోస్టులో పంపుతారు, కొన్ని నెలలు ఉండి నేర్చుకోవాలని వచ్చే యువతీయువకులకు చోటిస్తారు. కొత్తగా చేరాలనుకునేవాళ్లు ఈనాటికీ మెట్టు మెట్టుగానే లోపలికి రావాలి. డబ్బు సంగతి, పని సంగతి, మనస్పర్థల సంగతి అందరూ కూర్చుని మాట్లాడుకోవలసిందే, ఆ కూర్చోవడం ఎంత పొద్దుపోయేదాకా సాగినా సరే.